నా చాప మీద పిల్లి

పాయకుంబు

మావారికి సలాములు.

ఇక్కడ అందరం క్షేమం. జకార్తాలో బట్టల బేరం ఎలా ఉంది? నిన్న అమ్మ కొబ్బరిపాలు పోసి చేపతలకాయ కూర వండింది. మీరు లేరుగా, ఆ తలకాయ మన చారలపిల్లి బెలాంగ్‌కి పెట్టాను. శుభ్రంగా తిని, మీ చాప మీద పడుకుంది.

మీ యుస్నిదార్

తా.క.: గురక కూడా అచ్చం మీదే.

జకార్తా

యుస్నిదార్‌కి,

నీ ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను. పిల్లికి చేపతలకాయేమిటి? ముల్లు గొంతులో గుచ్చుకుంటే చస్తుంది. కొబ్బరిపాలకి కడుపు చెడుతుంది. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. పక్కకొట్టాయన బావమరిది పశువుల డాక్టరు, ఆయనే చెప్పాడు. నాకేం కుళ్లు కాదు, నోరులేని జీవమని చెబుతున్నాను.

నీ షఫ్రిజాల్

తా.క.: నా చాప దులిపి అటకెక్కించు.

పాయకుంబు

మావారికి,

మీదెంత జాలిగుండె! ఇప్పుడు దానికి వేరే వంట. ఉప్పూకారం లేకుండా చేప ఉడికించి, ముళ్లన్నీ నా చేత్తో తీసి పెడుతున్నాను. రెండాంగ్ వండితే మాంసం వాసనకి మూకుడు చుట్టూ తిరుగుతుంది. అందులో బోలెడు ఉల్లిపాయ, మీరేమో విషమన్నారు. అందుకని ఈసారి వండటం లేదు, మీకు పంపటమూ లేదు.

మీ యుస్నిదార్

తా.క.: చాప అటకెక్కించాను. అది నా చాప మీదికొచ్చింది.

జకార్తా

యుస్నిదార్!

పెళ్లయి ఇన్నేళ్లయింది, నాకెప్పుడైనా ఒక్క ముల్లు తీసి పెట్టావా? మన దగ్గర ఇల్లు ఆడవాళ్లది, అల్లుడు మోడు మీది బూడిద, గాలొస్తే పోతాడంటారు. సరే, ఒప్పుకున్నాను. మరీ పిల్లి తోక విసిరినా పోవాలా? అవును, కుళ్లే! కొట్టు తమ్ముడికి అప్పజెప్పి నెలాఖరుకి బస్సెక్కుతున్నాను. ఇంట్లో అదో నేనో తేలిపోవాలి.

షఫ్రిజాల్

తా.క.: ఉప్పులేని చేప ఎలా ఉంటుందో నేనూ చూస్తాను.

పాయకుంబు

మావారికి,

నిజంగా వస్తున్నారా! అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. మీ మీద బెంగతో కాదు, రెండాంగ్‌కి ఉల్లిపాయలు తరుగుతోంది.

ఒక మాట చెబుతాను, కోప్పడకండి. బెలాంగ్ వానలకి ముందే ఎదురింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. తలకాయ తిన్నదీ, చాప మీద పడుకున్నదీ, అంతా నేను కల్పించిందే. బేరం ఎలా ఉందని అడిగితే ఆర్నెల్లకో ముక్క రాసేవారు. పిల్లి సంగతి రాస్తే ఉత్తరం అందిన పూటే జవాబు! ఇంట్లో లేని ఆ పిల్లిని చూసి నాకెంత కుళ్లు పుట్టిందో మీకేం తెలుసు?

మీ యుస్నిదార్

తా.క.: చాప దించి ఎండలో వేశాను. వచ్చిన రోజు ముళ్లు తీసి పెడతాను. రోజూ అడక్కండి.