మాస్టారి పెట్టెలో గడ్డి పరక

మే 12, మంగళవారం

ఇవాళే రాసిపెట్టుకోవాలి. నాన్నతో ఆడిన అబద్ధం తెల్లారేసరికి నాకే నిజమనిపిస్తుంది.

ఊరు మారుతూ సైన్సు మాస్టారు నాకిచ్చిన హామ్ రేడియో యాంప్లిఫయర్‌ని, అదే మన మాటని దూరపు ఊళ్లదాకా పంపే పెట్టెని, ఆన్ చేయగానే టప్పుమని నిప్పురవ్వ లేచింది. ప్లగ్ పీకి, లోపల మిగిలిన కరెంటు దింపేసి, మూత విప్పాను. అలవాటుగా ఎడమ చెయ్యి వెనక్కి పోయింది. "ఒక చెయ్యి జేబులో ఉండాలమ్మాయ్, షాక్ గుండె దాకా పోదు" అనేవారు మాస్టారు. "పరికిణీకి జేబెక్కడిదండీ?" అంటే ల్యాబంతా నవ్వారు. ఆయనా నవ్వారు.

కరెంటు నిలవుండే కెపాసిటర్‌లో, ఒకదానికొకటి తగలకూడని రేకుల మధ్య, కాలిన గడ్డి పరక! నేను హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నాన్న ఆ పెట్టెని మామిడిపళ్ల గదిలో, రసాల పక్కనే, మెత్తగా వరిగడ్డి పరిచి దాచాడు. చదువుకోని మనిషికి తెలిసిన జాగ్రత్త అదే.

"నా వల్లే పాడైందేంటే?" అన్నాడు.

"కాదు నాన్నా, దుమ్ము."

రేపు మాస్టారికి ఫోన్‌లో ఇలా రాయాలి: మాస్టారూ, రేకు అంచు కాస్త కరిగింది. ఆకురాయితో నున్నగా రుద్దితే సరిపోతుందా, రేకు మార్చాలా? ఆదివారం మనం రేడియోలో మాట్లాడుకునేటప్పుడు మీ గొంతు వినాలని నాన్న ఉతికిన చొక్కా ఇప్పటినుంచే తీసిపెట్టుకున్నాడు. శుక్రవారం లోపు చెప్పండి.