వంటిల్లు అటు, ముందటర్ర ఇటు

జనాభా లెక్కల ఆఫీసుల హద్దులు చూసే వెంకటనారాయణ సారుకు జహనుమా నుంచి పాల మైసయ్య నమస్తే పెట్టి రాసేది.

సారూ, మొన్న పొద్దుగాల పాలు పోసి ఇంటికొచ్చిన. ముందటి తలుపుకాడ జనాభా లెక్కలకొచ్చిన ఒక టీచరమ్మ నిలబడి నా పేరు రాసుకున్నది. గదే టైముకు వెనక తలుపుకాడ ఇంకో సారు నా భార్య సత్తెమ్మ పేరు రాసుకున్నడు. ఇద్దరు ఇంటి నడుమ ఎదురుపడ్డరు. నేను రాసే బ్లాకుల నీకేం పనని ఒకటే లొల్లి. పటంల హద్దు మా ఇంటి నడిమిట్లకెళ్ళి పోయిందట. వంటిల్లు ఒక బ్లాకట, ముందటర్ర ఇంకో బ్లాకట. మమ్మల్ని ఒక్కకాడ రాయుండ్రి సారూ. లగ్గమైన కాంచి ఒక్కకాడనే ఉన్నం.

ఇట్లు,
మైసయ్య

మరిచిపోయిన: పక్క కొట్టంల మా బర్రె గా గీత మీదనే పండుకుంటది. తలకాయ ఒక బ్లాకుల, పొదుగు ఇంకో బ్లాకుల. గడ్డి ఎవలకు రాస్తరు, పాలు ఎవలకు రాస్తరు?

*

శ్రీ మైసయ్య గారికి,

మీ అర్జీ అందినది. లెక్కలు పూర్తయ్యే వరకు హద్దులు మార్చుటకు వీలు లేదు. అయితే నిబంధన ప్రకారం ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారందరూ ఒకే కుటుంబం. గదులు ఎటున్నా ఫరవాలేదు. కావున మీ ఇద్దరిదీ ఒకే పొయ్యి అని, కుటుంబ యజమాని ఎవరో కూడా తెలుపుతూ ఒక ముక్క రాసి పంపగలరు.

భవదీయుడు,
వెంకటనారాయణ

తా.క. బర్రెలు మా శాఖ కాదు.

*

వెంకటనారాయణ సారుకు మైసయ్య దండాలు.

మీ ఉత్తరం సత్తెమ్మకు చదివి వినిపించిన. గదే నేను చేసిన తప్పు. యజమాని కాడ నా పేరు రాస్తుంటే, పొయ్యి ఎవలది అన్నది. నీదే అన్న. పొయ్యిని బట్టే కుటుంబమని సర్కారే చెప్తుంటే యజమాని నువ్వెట్ల అయితవన్నది. ఇల్లు మా బాపు కట్టిండని చెప్పిన. అయితే గా గోడలే తిను అన్నది. అప్పటి సంది నాకు వండుతలేదు. ఫలక్‌నుమా స్టేషన్ కాడ హోటల్ల తింటున్న. ఒక్క పొయ్యి అని అబద్ధం రాయలేను సారూ. జర ఆగుండ్రి.

మీ మైసయ్య

ఇంకోమాట: హోటల్ పొయ్యి మీద తింటున్న కదా, నన్ను గా హోటల్ సేటు కుటుంబంల రాస్తరా? ఆయనకు ఇప్పటికే మస్తు మంది పిల్లలు.

*

శ్రీ మైసయ్య గారికి,

మీరు వేరు పొయ్యి వంట తింటున్నట్లు స్వయంగా రాసి ఇచ్చినందున మీ ఇంటిని రెండు కుటుంబాలుగా నమోదు చేయడమైనది. ముందు గది: మైసయ్య, ఒంటరి. వంటిల్లు: సత్తెమ్మ, యజమానురాలు. రెండు తలుపులకూ వేర్వేరు నంబర్లు అతికించబడును.

భవదీయుడు,
వెంకటనారాయణ

తా.క. హోటల్ యజమానిని విచారించాము. మిమ్మల్ని చేర్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

*

సారూ, ఎంత పని చేసిండ్రు.

వెనక తలుపుకు కొత్త నంబరు చూసి, సర్కారు మాకు విడాకులిచ్చిందని బస్తీ అంత పాకింది. నా బామ్మర్ది బాలరాజ్ ఆటో తీసుకొని వచ్చిండు. సర్కారే వేరు చేసినంక ఇంకేముంది అక్కా, సామాను సర్దు అన్నడు. సత్తెమ్మ మెల్లగ చేతులు తుడుసుకున్నది.

"నేనెందుకు పోవాలె? ఇది నా బ్లాకు. పోతే ముందటర్రలాయన పోవాలె."

బాలరాజ్ ఖాళీ ఆటోల పోయిండు. నేను వంటిల్లు గడప కాడ నిలబడి, ఆకలైతుంది సత్తెమ్మా అన్న. అన్నం పెట్టింది, పప్పు పోసింది. తిని, నా పళ్ళెం నేనే కడిగిన. ఇగ మాది ఒక్కటే పొయ్యి సారూ. మీరే వచ్చి కండ్లార చూసుకోండ్రి.

మైసయ్య

ఇంకోటి: వచ్చేటప్పుడు ఆకలితోని రాండ్రి. సత్తెమ్మ చెప్పమన్నది.

*

మైసయ్య గారికి,

నిన్న మీ ఇంట్లో భోజనం చాలా బాగున్నది. మీరిద్దరూ ఒకే గిన్నెలోది వడ్డించుకోవడం కళ్ళారా చూశాను. సాయంత్రం ఆఫీసుకు వచ్చి, అనుమానం తీరక, అసలు పటం తెప్పించి బల్ల మీద పరిచాను. హద్దు మీ గల్లీ చివర నాలా వెంట ఉన్నది. మీ ఇంటి మీదుగా ఏ గీతా లేదు. ఇన్నాళ్ళూ మేము గీత అనుకున్నది పటం మడత. జిరాక్సు తీసినప్పుడు నల్లగా పడినది. మీరిద్దరూ ఎప్పుడూ ఒకే బ్లాకులో ఉన్నారు. జరిగినదానికి మన్నించండి. కొత్త నంబరు తీసేయడానికి రేపు మనిషి వస్తాడు.

మీ,
వెంకటనారాయణ

తా.క. కుటుంబ యజమాని ఎవరని నిన్న నేను అడిగినప్పుడు మీరు జవాబు చెప్పబోయి, ఆగి, సత్తెమ్మ గారి వైపు చూశారు. ఆ చూపునే జవాబుగా స్వీకరించి ఆమె పేరు రాసుకున్నాము. అభ్యంతరం ఉంటే ఆమె అనుమతితో అర్జీ పెట్టుకోగలరు.