బరువు పంచే కడ్డీలు

వాగా వాగా,
మార్చి మొదటి వారం

ప్రాణంలాంటి కొరీన్ అక్కకి,

నీ ఫోన్లు ఎత్తడం లేదని నన్ను తిట్టుకుంటూనే ఉంటావు. ఫోనులో అయితే నా గొంతు బట్టి సంగతి పట్టేస్తావు. పట్టేసిన మరుక్షణం నీ మరిది బ్రెండన్‌కి ఫోన్ చేసి నాలుగూ దులిపేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివాక మనసు కష్టపెట్టుకోకు. ఈస్టర్‌కి కారు వెనక క్యారవాన్, ఆ చక్రాల ఇల్లు, కట్టుకుని, ఎడారి దాటి, దేశం ఆ చివర జెరాల్డ్‌టన్‌లో నీ ఇంటి ముందు దిగుతామని చెప్పాం కదా. నేను రావడం లేదు. నేను ఆ బండి ఎక్కను, పిల్లల్ని ఎక్కనివ్వను. నేను పనిచేసే క్లినిక్‌లో సెలవు ఇవ్వలేదని బ్రెండన్‌తో అబద్ధం చెప్పి మొత్తం ప్రయాణమే ఆపేద్దామని చూస్తున్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ తెలియదు.

జనవరిలో ఆల్బరీ వైపు సరదాగా వెళ్ళొచ్చామని నీకు ఫొటోలు పంపాను. ఫొటోల్లో లేనిది ఇప్పుడు చెబుతున్నాను. హ్యూమ్ రోడ్డు మీద పల్లం దిగుతుంటే ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలికి క్యారవాన్ తోక ఊగింది. ఊగడం ఆగుతుందనుకుంటే పెరిగింది. బ్రెండన్ బ్రేకు తొక్కాడు, ఇంకా పెరిగింది. వెనక రావలసిన క్యారవాన్ పక్కభాగం మొత్తం నా అద్దంలో కనిపించింది అక్కా, ఒకసారి నా వైపు, ఒకసారి అతని వైపు. టాలియా అరిచింది. ఫ్లిన్ అరవలేదు, నా సీటు వెనక్కి అతుక్కుపోయాడు. దేవుడి దయవల్ల ఎదురుగా ఎత్తు వచ్చి బండి దానంతట అదే సర్దుకుంది.

బ్రెండన్ పక్కకి తీసి ఆపాడు. ఆపి, నా వైపు తిరిగి, "నీ ఇనప మూకుళ్ళు, నీ డబ్బాలు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనేసుకొచ్చినట్టు వంటిల్లంతా మోసుకొచ్చావు కదే" అని పిల్లల ముందు అరిచాడు. ఆ మాట అతను మరిచిపోయాడు. నేను మరవలేదు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర తరుగుతుంటే చెయ్యి ఆగిపోతుంది, క్లినిక్‌లో ఒకరి పేరు పిలవబోయి ఇంకొకరి పేరు పిలుస్తున్నాను.

అతను మాత్రం ఆ రోజు ఊసే ఎత్తడు. దానికి బదులు రోజూ భోజనాల దగ్గర కొక్కేల పురాణం. కారు వెనక క్యారవాన్ తగిలించే మామూలు బంతి కొక్కెం చాలదట. దాని మీద క్యారవాన్ ముక్కు కూర్చుంటే మా ఎస్‌యూవీ వెనకభాగం కుంగి, ముందు చక్రాలు తేలికైపోతాయట. ఆ బరువును ముందుకు నెట్టే ఉక్కు కడ్డీలు కావాలట. అవి గొలుసులతో బిగించేవా, ఊగకుండా రాపిడితో పట్టేవా? క్యారవాన్ చక్రాలకు విడిగా బ్రేకు వేసే పెట్టె ఏది కొనాలి? పొద్దున ఒకటి ఖాయం చేస్తాడు, సాయంత్రానికి దాన్ని తీసిపారేస్తాడు.

మొన్న ఫ్లిన్ అడిగాడు, "నాన్నా, అమ్మని ఎంచుకోడానికి కూడా ఇంతసేపు పట్టిందా?"

"లేదురా. అప్పుడు ఇన్ని రకాలు చూపించలేదు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బయల్దేరడానికి ఇంత ఆత్రమా ఈ మనిషికి? మేమంతా రోడ్డు పాలవుతామన్న బెంగ ఒక్కరవ్వైనా లేదా?

నీ చెల్లెలు,
లొరెల్


వాగా వాగా,
మార్చి చివర

అక్కా,

నీ జవాబు అందింది. "ఉన్నదున్నట్టు మొగుడికి చెప్పి చావు" అని రాశావు. చెప్పలేకపోయాను. అబద్ధమే చెప్పాను. దాని ఫలితం వేరేగా వచ్చింది. మొదట్నుంచీ చెబుతాను.

శనివారం కొక్కేల షాపుకి నన్నూ లాక్కెళ్ళాడు. షాపు షెరిల్ అనే ఆవిడది. మనిషి గలగలా మాట్లాడుతుంది, చూస్తుండగానే పది వస్తువులు అంటగడుతుంది. అయినా ముందు బండిని ఎప్పుడూ సర్దుకునేలాగే సర్దుకుని, గొర్రెల సంతలో ఉన్న కాటా మీద తూయించుకు రమ్మంది. తూయించాం. మొత్తం బరువు కారు లాగగలిగినంతే. కానీ కొక్కెం మీద వాలవలసిన ముక్కు బరువు బాగా తక్కువ, తోకలో బాగా ఎక్కువ.

కాగితం చూసి షెరిల్ అడిగింది, "సైకిళ్ళు, నీళ్ళ డబ్బాలు, జనరేటరు అన్నీ వెనకే పెట్టారా? ఎవరు చెప్పారయ్యా?"

"క్యారవాన్ పార్కులో పెద్దవాళ్ళు. కారు వెనక కుంగుతోంటే, ముక్కు తేలిక చెయ్యమన్నారు" అన్నాడు బ్రెండన్.

"మడతకుర్చీల వాళ్ళేనా? వాళ్ళు ఊరికే ఇచ్చేది సలహా ఒక్కటే. బీరు అడిగి చూడండి, ఇస్తారేమో."

మేమిద్దరం కలిసే ఆ సైకిళ్ళు వెనక కట్టాం అక్కా. ఒక పక్క తాడు అతను లాగితే రెండో పక్క నేను ముడేశాను. తోక బరువెక్కితే బండి ఊగుతుందని ఇద్దరికీ తెలియదు. తిలాపాపం తలా పిడికెడు. కానీ మూకుళ్ళ పాపం మాత్రం కాదని ఆ కాటాయే చెప్పింది, అవి ముందు అరలోనే ఉన్నాయి కదా. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. మూకుళ్ళ మాట తప్పని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూశాను. అతను కడ్డీల వైపు తిరిగి, వాటి బరువు ఎంతని అడిగాడు.

"సామాను ముందుకి జరిపితే ముక్కు దిగుతుంది, కారు మళ్ళీ కుంగుతుంది. అప్పుడు ఈ కడ్డీలు పనికొస్తాయి" అంది షెరిల్. "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇవి బరువును పంచుతాయి, తగ్గించవు. కారు మొయ్యగలిగినదాన్ని ఒక్క కిలో కూడా పెంచవు. కొంత దింపాల్సిందే."

"ఆలోచించుకుని చెప్తాం" అన్నాడు బ్రెండన్. అంత తేలిపోయాక ఇంకా ఆలోచించేదేముందో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక ఇక ఆగలేక, "క్లినిక్‌లో సెలవు లేదన్నారు, ఈస్టర్‌కి కుదరదు" అనేశాను. బతిమాలతాడని, అరుస్తాడని, క్లినిక్ మీదికి పోతాడని అనుకున్నాను. "అలాగా. అయితే సరేలే" అన్నాడు. అంతే. ఆ ముఖం చూడాల్సింది అక్కా. ఎక్కడా బాధ లేదు. హాయిగా ఉంది. వెళ్ళి నిమ్మళంగా టీ పెట్టుకున్నాడు.

అప్పట్నుంచి కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. ప్రయాణం ఆగింది, నేను కోరుకున్నదే జరిగింది, సంతోషించాలి కదా. కానీ నాతో నాలుగు వారాలు ఒక గదంత బండిలో ఉండక్కర్లేదన్నది అతనికి అంత హాయిగా ఉందా? ఆ కడ్డీలనైనా అన్నాళ్ళు తిప్పి తిప్పి చూశాడు. నన్నట్లా చూసి ఎన్నేళ్ళయిందో తెలియదు.

లొరెల్


సెడ్యూనా,
ఈస్టర్ వెళ్ళాక

అక్కా,

పైన ఊరి పేరు చూసి కళ్ళు నులుముకోకు. నిజమే. సముద్రం పక్కన మడత బల్ల మీద రాస్తున్నాను. పిల్లలు ఆయిస్టర్ ఆల్చిప్పలు కొనుక్కురావడానికి వెళ్ళారు.

నేను సెలవు లేదన్నా, షెరిల్ దగ్గరికి కడ్డీలు, బ్రేకు పెట్టె వచ్చేశాయి. షాపుకి వెళ్ళక ముందే, ఒకనాడు మనసు కుదిరినప్పుడు బ్రెండన్ ఆన్‌లైన్‌లో చెప్పిపెట్టినవి, రద్దు చెయ్యడం మరిచాడు. డబ్బు కట్టినవే కదా అని క్యారవాన్ తీసుకెళ్ళాం. బిగించాక ఆవిడ తాళాలు బ్రెండన్‌కిచ్చి, "ఒకసారి ఊరి బయటిదాకా వెళ్ళి రండి" అంది. ఇద్దరం ఎక్కాం. అతను తాళం పెట్టాడు, తిప్పలేదు.

"లొరెల్, నా వల్ల కావడం లేదు" అన్నాడు.

తాళం మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకు సెలవు దొరకలేదన్నావే, ఆరోజు నాకు పండగలా అనిపించింది. ఇన్నాళ్ళూ ఇది కాదు, అది కాదంటూ ఎందుకు తిప్పాననుకున్నావు? ఎంచుకుంటున్నంతకాలం బయల్దేరక్కర్లేదు కదా. నాకు భయంగా ఉందే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "సెలవు దొరికింది. అబద్ధం చెప్పింది నేను" అన్నాను. అతను నోరు తెరిచి నన్నే చూశాడు. తర్వాత, "పిల్లల ముందు నిన్నన్న మాట తప్పు. భయపడి అరిచాను. కాటా దగ్గర చెబుదామనుకున్నా, నోరు రాలేదు" అన్నాడు. ఆ రెండు ముక్కల కోసం జనవరి నుంచి నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకప్పుడు తెలిసింది.

"మానేద్దామా?" అని అడిగాడు. మానేద్దామంటే వెంటనే ఒప్పుకునేవాడు. నేను ఇన్నాళ్ళూ పడిన తాపత్రయమంతా దాని కోసమే. కానీ నా నోటి వెంట వచ్చింది మరొకటి. "దిగు, నేను నడుపుతా."

నాన్న గుర్రాల్ని ఎక్కించిన ట్రైలర్‌ని కారు వెనక కట్టి మనిద్దరం వంతులేసుకుని ఎన్ని పోటీలకు లాక్కెళ్ళలేదు? పెళ్ళయ్యాక ఆ సంగతి అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ మగవాడు స్టీరింగు పట్టుకోవడం, బండి వెనక్కి తీసేటప్పుడు ఆడది వెనక నిలబడి ఇటు, అటు అని చేతులూపడం. అందరూ అంతే కదా అని మేమూ అంతే. చేతులూపీ ఊపీ నా చేతులకు ఇంకో పని వచ్చన్నదే మరిచాను.

షెరిల్ మళ్ళీ వచ్చి బ్రేకు పెట్టె మీది మీట చూపించింది. "ఊగితే కాలి బ్రేకు జోలికి పోకు. దీన్ని నొక్కు. క్యారవాన్ ఒక్కదానికే బ్రేకు పడి, వెనక్కి లాగి, నిటారవుతుంది." ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద పదేపదే నొక్కి చూశాను. జనరేటరు, సైకిళ్ళు ఇంట్లో దింపేశాం. ఫ్లిన్ ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉన్నాడు.

నిన్న కింబా దాటాక ఎదురుగా మూడు పెట్టెల పెద్ద లారీ వచ్చింది. గాలి గోడలా కొట్టింది. తోక ఊగడం వీపుకి తెలిసింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను, మీట నొక్కాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత వెనక ఎవరో పట్టి లాగినట్టయి, బండి నిటారైంది. టాలియా చెవుల్లోంచి పాటల తీగ తీసి, "అమ్మా, అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను.

నాకు భయం పోలేదు అక్కా. రేపట్నుంచి చెట్టు కూడా లేని దారి. కానీ నిన్న బండి కుదుటపడ్డాక, చూశావా అని చెప్పడానికి బ్రెండన్ వైపు తిరిగాను. నోరు తెరుచుకుని, తల కిటికీకి ఆనించి, గాఢంగా నిద్రపోతున్నాడు. నేను లేపలేదు.

భయపడుతూనే బండి నడుపుకొస్తున్న నీ చెల్లెలు,
లొరెల్