సోమరాజు బతికిన కథ

నర్మెట్ట,
11 ఫిబ్రవరి 2025.

చిరంజీవి మమతకు, బాపు రాజమల్లు నిండు మనసుతో దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ సుశీల కులాసాగా ఉన్నాం. హైదరాబాదులో నువ్వు వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని తలుస్తాను.

బిడ్డా, ఈ సంతోషం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను చదివింది ఏడో తరగతి, రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకో. నువ్వు రాసిన సిరీస్ అన్ని భాగాలూ చూశాం. మన ఫోన్ చిన్నది కదా, మన పక్కన ఊర్మిళ వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉందని అందరం అక్కడే కూర్చున్నాం. మొదట్లో అక్షరాలు పడుతుంటే ‘కథ: మమత రాజమల్లు’ అని వచ్చింది. ఊర్మిళ దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. అది మా తాత, మా నాయిన, నేను బొమ్మల పటం చుట్టి భుజాన వేసుకొని, జనగామ నుంచి మహబూబాబాద్ దాకా ఊరూరా తిరిగి చెప్పిన కథ. ఏ పటం మీదా మా పేరు లేదు. నీ పేరు పక్కన నా పేరు కనబడేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

మన ఊళ్ళో నీ మీద ఫిర్యాదులు కూడా చాలా ఉన్నాయి, నవ్వుకోవడానికి రాస్తున్నాను. మన పటం కథలో వరదకు కొట్టుకుపోయి చచ్చిపోయే సోమరాజు, నీ చివరి భాగంలో ఒడ్డున కూర్చొని చల్ల తాగుతుంటే ముసలి మణెమ్మకు కోపం వచ్చింది. “గదేందిరా రాజమల్లూ, వాగుల పోయినోడు లేసి సల్ల తాగుతుండు. నీ బిడ్డ కథ తప్పు జెప్పింది” అన్నది. తప్పు కాదవ్వా, మార్చింది అన్నాను. “మార్చుడేంది? యేడాదికోపారి నువ్వు సంపుతివి, మేం ఏడిస్తిమి. గిప్పుడు నీ బిడ్డ లేపితే మా ఏడుపంత ఎటు వాయె?” అని అడిగింది. అందరూ పడీపడీ నవ్వారు.

ఊర్మిళ కొడుకు మహేశ్ వేరే తప్పు పట్టుకున్నాడు. మూడో భాగంలో సోమరాజు కుక్క నల్లగా ఉందట, అయిదో భాగంలో గోధుమ రంగులోకి వచ్చిందట. “తాతా, అక్కకు జెప్పు, కుక్క మారింది” అని నా వెంట పడ్డాడు. వాడికి మన ఇంటి సంగతి చెప్పాను. మా తాత వేయించిన పటంలో వాగు బొమ్మ దగ్గర కుక్క ఉండేది. అది చిరిగిపోతే మా నాయిన కొత్తది వేయించాడు. బొమ్మలు వేసేవాడు అందులో కుక్కను మరిచిపోయాడు. రంగు ఆరిపోయింది, జనం ముందు కూర్చున్నారు, ఒకాయన కుక్క ఏదని అడగనే అడిగాడు. మా నాయిన తడుముకోకుండా, కుక్క సోమరాజు చెల్లెను పిలవడానికి ఊళ్ళోకి ఉరికింది అన్నాడట. అప్పటి నుంచి కథలో కుక్క ఉరుకుతూనే ఉంది. నువ్వు మా నాయిన మనవరాలివే అని ఆ రోజు ఎంత మురిసిపోయానో.

ఇక అసలు సంగతి. సోమరాజు వేషం కట్టిన ఆ పిల్లవాడికి అవన్నీ నువ్వే నేర్పావు కదా. అన్నం ముందర పెట్టగానే ఉల్లిగడ్డను పిడికిలితో కొట్టి ముందు అది తినడం, నవ్వు వస్తే తల పక్కకు తిప్పుకోవడం. మొదటి భాగంలోనే మీ అమ్మ నా మోచెయ్యి పట్టుకొని, “గీ పోరడు మన సంజయ్ లెక్క జేస్తుండేందయ్యా” అన్నది. ఆ తర్వాత రోజూ నాకంటే ముందే ఊర్మిళ వాళ్ళింటికి పోయి టీవీ ఎదుట కూర్చునేది. మీ అన్న పోయినప్పటి నుంచి ఆమె ఎండిన కట్టెలా అయిపోయింది, నీకు తెలుసు. కంట్లో చుక్క రాలేదు. అట్లాంటిది చల్ల తాగే చోట నవ్వింది. ఆ నవ్వు చూపించినందుకు నీకు ఏమిచ్చినా తక్కువే.

పోయిన వానాకాలం మీ అన్న మహదేవపూర్ దగ్గర జేసీబీ పని ముగించుకొని బండి మీద ఇంటికి బయలుదేరి వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. రోడ్లు తెగిపోయి నువ్వు నడుమ చిక్కుకున్నావు. శవాన్ని ఉంచే వీలు లేక, నువ్వు వచ్చేసరికి మట్టి ఇచ్చేశాం. మన పటంలో కూడా చెల్లె అవతలి ఒడ్డునే నిలబడి ఉంటుంది, తల విరబోసుకొని. నువ్వు ఆ చెల్లెకు వరాలు అని పేరు పెట్టావు, కాళ్ళకు ఉరుకు నేర్పావు, సమయానికి తెచ్చి అన్న చెయ్యి పట్టించావు. ఎందుకు మార్చావని ఊరు అడిగితే అడగనీ, నేను అడగను.

ఫోన్‌లో నువ్వు అడిగిన మాటకు వస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను ఆపేస్తాను. మన ఆచారం నీకు తెలియంది కాదు. కథ చెప్పించే ఊళ్ళో, ఆ యేడు మనిషి పోయిన ఇండ్లవాళ్ళు తెల్లబట్ట తెచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. సోమరాజు ప్రాణం పోయినప్పుడు, అతని వెంట పోయినవాళ్ళు వీళ్ళని ఆ యేడు పోయిన ఒక్కొక్కరి పేరూ చెబుతాం. పేరు చెప్పాక ఆ ఇంటివాళ్ళు బట్ట పటం ముందు పరుస్తారు, ఆ ఇల్లు దుఃఖం దిగి మళ్ళీ పండగ చేసుకుంటుంది. చెప్పేవాడి ఇంట్లో ఎవరైనా పోతే ఆఖరి పేరు అది. నువ్వేమన్నావు? “బాపూ, ఈసారి నా కథే చెప్పు. సోమరాజు సావకపోతే అన్న పేరు చెప్పే పనే ఉండదు. నువ్వు గా పేరు జెప్తే అన్న నిజంగనే పోయినట్టు” అన్నావు.

నాకూ ఆశ పుట్టింది బిడ్డా. ఎందుకు దాచాలి. బొమ్మలు వేసే ఆయనను అడిగితే, చెల్లె అన్న చెయ్యి పట్టుకున్నట్టు ఒక్క బొమ్మ కొత్తగా వేసి అతికిస్తానన్నాడు. మహబూబాబాద్ దగ్గర మనతో కథ చెప్పించే హన్మంత్ పటేల్ కూడా, “రాజన్నా, పోరగాండ్లు టీవీల లెక్కనే గావాలంటున్నరు, నీ ఇష్టం” అన్నాడు.

మిగతా కబుర్లు ఏమున్నాయి. నాట్లు అయినయ్. మీ అమ్మ మోకాలి నొప్పికి జనగామ దవాఖానలో మందులు మార్చారు. సిరీస్ పూర్తయింది కాబట్టి సెలవు పెట్టి రా. మణెమ్మ నిన్ను తిట్టడానికి తయారుగా ఉంది, నేను నెత్తిన పెట్టుకోవడానికి తయారుగా ఉన్నాను.

ఇట్లు,
నీ పేరు పక్కన పేరు పడిన నీ బాపు,
రాజమల్లు

తా.క.: సంతకం పెట్టాను గానీ నీకు జవాబు రాయలేదు. హన్మంత్ పటేల్ ఊళ్ళో కథ చెప్పడం మొన్న ఆదివారమే అయిపోయింది. నీకు చెప్పలేదు, చెబితే ఆపుతావని.

నీ కథే చెబుదామని పోయాను బిడ్డా, ఒట్టు. వాగు బొమ్మ మీద పుల్ల పెట్టి, వరాలు ఉరికి వచ్చింది, అన్న చెయ్యి పట్టింది అని చెప్పాను కూడా. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరుస చూశాను. ఒళ్ళో తెల్లబట్టలు పెట్టుకొని ఆడవాళ్ళు నా నోటి వంకే చూస్తున్నారు. సోమరాజు బతికితే వాళ్ళ మనుషులను ఎవరి వెంట పంపాలి? ఆ వరుస చివర మీ అమ్మ ఉంది. నాకు చెప్పకుండా వెనక బస్సులో వచ్చింది. ఆమె ఒళ్ళో కూడా బట్ట ఉంది.

వరాలు చెయ్యి పట్టుకున్నది కలలో అన్నాను. కళ్ళు తెరిచేసరికి వాగు ఇవతల తాను ఒక్కతే ఉంది అన్నాను. అందరి పేర్లూ చెప్పి, ఆఖరికి మా సంజయ్ అని చెప్పాను. హన్మంత్ పటేల్ నీళ్ళు ఇచ్చాడు. మీ అమ్మ లేచి వచ్చి బట్ట పరిచి, అక్కడే కూలబడి, వానాకాలం నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. నేను లేపలేదు.

ఈసారి కూడా నువ్వు లేకుండానే చేశాను. అందుకు నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. నీ కథలో మాత్రం వాణ్ణి చంపకు. ఎవరు తప్పన్నా వినకు. రెండో సీజన్ రాస్తే అందులో వాడికి పెళ్ళి చెయ్యి. పిల్ల ఎట్లుండాలో మీ అమ్మ చెబుతుందట, ఫోన్ చెయ్యి.