సలోమి తలకి కూడా స్కానింగ్

ఏవండీ,

మీరు లేచేసరికి నేనూ సలోమీ గుంటూరు బస్సులో ఉంటాం. దాని తలకి కూడా స్కానింగ్ తీయిస్తున్నాను. ముందే చెబితే ఆపుతారని చెప్పలేదు. తెనాలిలో మా అన్నయ్య ఎక్కుతాడు, భయం లేదు.

పెద్దది గ్రేసుకి మాత్ర పరగడుపునే వెయ్యండి. రాగి బిందె అటకెక్కించాను. రాగి నీళ్లు ఒంటికి మంచివని అత్తయ్య మళ్లీ దింపిస్తారు, కాస్త కనిపెట్టి ఉండండి. నిన్న గ్రేసు మంచం కింద రాగి చెంబు దొరికింది. అడిగితే నాకేం తెలుసమ్మా అన్నారు. మరి చెంబు నడిచొచ్చిందా?

గ్రేసు చేతిలో గ్లాసు నిలవడం లేదని తీసుకెళ్తే, మెదడులో రాగి పేరుకుపోయిందని ఫిల్ము చూపించి, ఇది పుట్టుకతో వచ్చే జబ్బు, తోడబుట్టినవాళ్లకీ ఉండొచ్చు, చెల్లెల్నీ తీసుకురండి అన్నారు డాక్టరుగారు. చిన్నదానికేం లేదండీ, బాగానే ఉంది అనేశారు మీరు. ఆ రోజు నేనూ నమ్మాను.

అన్నం వండి పెట్టాను. చారు వేడి చేసుకోండి.

ఇంకో మాట. ఈ మధ్య సలోమికి కాఫీ మీరే కలిపి ఇస్తున్నారు. గ్లాసులో సగానికే పోస్తున్నారు. నిండా పోస్తే దాని చేతిలో ఒలుకుతుందని మీకెప్పట్నుంచి తెలుసండీ?