గడియారంలా ఉందన్న ఇంజను

అమ్మలూ,

నాన్న దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ నీ బండీ కూడా క్షేమమని తలుస్తానని రాయాలి. కానీ నీ ఉత్తరం చదివాక బండి సంగతిలో ఆ మాట రాయడానికి చేతులు రావడం లేదు.

ఎనిమిది రోజుల కిందట నువ్వు రాసింది ఇవాళ, సోమవారం, భోజనాల వేళకి అందింది. అమ్మ ఇంకా కుట్టుపని నుంచి రాలేదు. షెడ్డులో బల్ల మీద నట్లన్నీ పక్కకి నెట్టి రాస్తున్నాను, కాగితానికి మరకలంటితే ఏమీ అనుకోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే మేడెక్కి నీళ్ళ ట్యాంకు చూడమంటానని కుంటుతూనే ఉంది. నీ లారీ డోరు సొట్ట తీసినందుకు నువ్వు ఒక్క మంచి మాట కూడా అనలేదని టింకరింగ్ బాబాయి ఇప్పటికీ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. నీ మంచం నిండా నేను స్పేర్ పార్టులు పెట్టానన్నది అబద్ధం. రెండు ఫిల్టర్లు పెట్టాను, అంతే.

ఇక బండి. శబ్దాన్ని నువ్వు రాసిన తీరుకి ముచ్చటేసింది. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే సన్నగా టిక్కు టిక్కుమంటోంది, వేడెక్కాక పోతోంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కింద నుంచి దబ్బు దబ్బుమని, ఎవరో లోపలుండి తలుపు బాదుతున్నట్టు. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతోంది. పాత ఇంజను ఏనాడూ ఇలా అనలేదు నాన్నా. అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది" అని రాశావు. మెకానిక్ కూతురివనిపించుకున్నావు.

ఆ సన్న శబ్దం గురించి నాకు బెంగ లేదు. అది వాల్వుల దగ్గరిది, సర్దితే పోతుంది. రెండోది చదివి, ఇంజను కింద రబ్బరు దిమ్మలు వదులయ్యాయేమోనని ఆశపడ్డాను. కానీ చివర్లో ఇరికించి రాశావు చూడు, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు కిందికి పడుతోందని, అక్కడ ఆ ఆశా పోయింది. అది లోపల బేరింగ్ అరిగిపోయిన ఇంజను, తల్లీ. ఎప్పుడు బిగుసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. ఎత్తు ఎక్కేటప్పుడైతే ఎలాగో నిలబెట్టుకుంటావు. లోడుతో కొండ దిగేటప్పుడు బిగుసుకుంటే ఆ బరువుని నువ్వు ఆపలేవు. బ్రేకులకి గాలి కూడా ఆ ఇంజనే ఇవ్వాలి కదా.

నువ్వేమో "ఈ బుధవారం కాదు, పై బుధవారం లోడు వేసుకుని కొండ దిగుతున్నా, ఈలోపు నీ దగ్గర్నుంచి ఏ కబురూ రాకపోతే భయం లేదనే అర్థం" అని రాశావు. ఎల్లుండే బుధవారం. ఇప్పుడు పోస్టులో వేస్తే ఇది వచ్చే వారం చేరుతుంది. బస్సెక్కి వద్దామంటే మూడు రోజుల దారి. పోనీ ఎలాగో వచ్చి పడ్డా నీ బండి పక్కన నిలబడి నేను చేయగలిగింది లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నువ్వడిగిన ఇంకో ప్రశ్నకి జవాబివ్వాలి. ఇందాకటి నుంచీ దాన్నే దాటేస్తున్నాను.

"ఫోను చేస్తే చాలు, ఇదిగో అమ్మకిస్తున్నా అంటావు. నా మీద కోపమా నాన్నా?" అని అడిగావు. కోపం కాదు. నాకు వినపడదు.

రెండేళ్ళయింది. ముందు సన్న శబ్దాలు పోయాయి, తర్వాత ఫోనులో మాటలు, ఆ తర్వాత చాలా. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం పోల్చుకుంటాను, మిగతా సగానికి తలూపుతాను. బాబాయి జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వుతాను. వాడి జోకులకి ఎంత ఆలస్యంగా నవ్వినా ఎవరికీ అనుమానం రాదు. ఆమధ్య వానలో అమ్మ అరగంట తలుపు కొట్టి కొట్టి, చివరికి వంటింటి కిటికీలోంచి దూరి వచ్చిందని ఫోనులో నీకు చెప్పి నవ్వింది కదా. నిద్రపట్టేసిందన్నాను. మెలకువగానే ఉన్నాను, పేపరు చదువుకుంటున్నాను.

నీ ఇంజను పాత సామాన్ల యార్డులో ఏరి తెచ్చింది నేను, బిగించింది నేను. స్టార్ట్ చేశాక పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది నువ్వు. ఎప్పట్లాగే దాని మొనని ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నన్ను చెవి మేస్త్రి అంటున్నది ఆ పని చూసే. ఆ రోజు దవడకి అదురు తెలిసింది, శబ్దం తెలియలేదు. కళ్ళు తెరిస్తే షెడ్డంతా నా మొహమే చూస్తోంది, అందరికంటే ముందు నువ్వు. "గడియారంలా ఉంది, తీసుకెళ్ళు" అన్నాను. బాబాయిని పిలిచి నువ్వూ ఒకసారి వినరా అని ఉంటే సరిపోయేది. సిగ్గేసింది. చెవి పోయిందని తెలిస్తే నన్నింక ఎవరూ పనికి పిలవరని భయమేసింది. ఆ భయాన్ని దాచుకోవడానికి కన్నకూతుర్ని కొండ మీదికి పంపాను.

గేటు దగ్గర ఎత్తులో నీ బండి రోడ్డెక్కుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. పెదాలు చూశాను. "అదేంటండీ, లోపల దబదబమంటోంది?" అంది. "కొత్తగా బిగించిన ఇంజను అలాగే ఉంటుంది, నీకేం తెలుసు" అని కసిరాను. పాపం, నా చెయ్యి వదిలేసింది.

ఏదో ఒక అబద్ధమాడి నిన్ను ఆపుదామని కూడా చూశాను. కానీ నీ సంగతి నాకు తెలుసు. నాన్న చెవిపెట్టి విని పంపిన బండికేం కాదులే అనుకుని ఎక్కేస్తావు. నా చెవి మీద నీకున్న నమ్మకం పోతేగానీ నువ్వు ఆగవు. పోనీ నేనే ఫోనందుకుని వద్దని చెప్పేద్దామంటే, నువ్వు సరేనన్నావో నవ్వి కొట్టిపారేశావో నాకు తెలియదు. అందుకని ఇది పోస్టులో వెయ్యను. సాయంత్రం ఆరింటికి సైటు ఆఫీసు నుంచి నువ్వు ఫోను చేస్తావు కదా, అమ్మ చేతికి ఈ కాగితాలిచ్చి నీకు చదివి వినిపించమంటాను. ఆవిడకీ ఇందులో ఒక్క ముక్క తెలియదు. నీతోపాటే తెలుసుకుంటుంది.

ఏమోయ్, ఇక్కడ ఆపకు. కళ్ళు తుడుచుకుని చదువు. పిల్లకి ఇంజను సంగతి పూర్తిగా చెప్పు, ఆ తర్వాత నన్ను ఏం చేసినా నీ ఇష్టం.

అమ్మలూ, బండి స్టార్ట్ కూడా చెయ్యకు. సైటు మెకానిక్‌తో కింద నుంచి కాస్త ఆయిల్ తీయించి తెల్లగుడ్డ మీద పోయించు. ఎండలో పట్టుకుని చూడు. మెరిసే పొడి కనబడితే ఇంజను విప్పాల్సిందే. దీనికి చెవులతో పని లేదు. లోడు ఇంకో బండి తీసుకెళ్తుంది, కాంట్రాక్టరు అరిస్తే అరవనీ.

ఆపుతావో లేదో అమ్మకి చెప్పు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఆవిడ పెదాలు చూస్తూ ఎక్కడిదాకా చదివిందో వెతుక్కుంటూ ఉంటాను. చదవడం అయ్యాక నువ్వేమన్నావో నాకు వినపడదు. ఆవిడ నా వైపు తిరిగి చెప్తేనే తెలుస్తుంది.

తిరుగుతుందో లేదో.

ఇట్లు,
మీ నాన్న