నిస్సీ అడిగిన ప్రశ్నలు

ఎమ్మిగనూరు,
జూన్ 12

ప్రియమైన యామినికి,

మీ వదిన ప్రమీల రాసేది. చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అన్న అలవాటుగా స్పీకర్ పెట్టాడు. నీ గొంతు వినపడగానే మీ నాయన, మా మామ, చేతిలో అటూ ఇటూ ఆడే నాడె పక్కన పెట్టి, మగ్గం గుంతలోంచి లేచి, బజారుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ సాయంత్రమే రావడం. ఆ రోజుకు మగ్గం ఆడలేదు. అందుకే ఇకమీద ఉత్తరాలే. పదిహేను రోజులకొకసారి నరసన్న మన చీరలు పట్టుకుని బెంగళూరు అంగడికి వస్తాడు కదా, చీర మడతలో పెట్టి పంపిస్తాను. నువ్వూ ఆయన చేతికే ఇవ్వు.

నువ్వు మోడల్ అవుతానన్నందుకే మామకు కోపమని వీధంతా అనుకుంటోంది. ఆయన బాధ అది కాదు. సగం నేసిన చీరను మగ్గం మీద వదిలేసి వెళ్ళిపోయావు చూడు, అదీ. పడుగు సగంలో వదిలి వెళ్ళినవాళ్ళు మీ వంశంలో లేరట. ఆ మగ్గానికి దుప్పటి కప్పి పెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వడు. "అది దానిదే. వస్తే నేస్తాది, రాకుంటే అట్లనే ఉండనీ" అంటాడు.

ఇంకో మాట. మన పక్కింటి దావీదురాజు సారు కూతురు నిస్సీ లేదూ, దానికీ నీలాగే మోడల్ కావాలని ఉందట. పట్నం వచ్చే ముందు ఏమేమి తెలుసుకోవాలో నిన్ను అడగమని నా ప్రాణం తీస్తోంది. పొడుగుంటే చాలా? తిండి సంగతేమిటి? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? దాచకుండా రాయి.

నీ ఉత్తరం కోసం నరసన్న దారి చూస్తూ ఉండే,
వదిన

బెంగళూరు,
జూలై 3

ప్రియమైన వదినకు,

మడత విప్పితే నీ ఉత్తరం ఒళ్ళో పడింది. గంజి వాసన వేసింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. స్నానానికి వెళ్ళాను.

పొడుగు చాలదని నిస్సీకి చెప్పు. మన వీధిలో నేనొక్కదాన్నే తాటిచెట్టును. ఇక్కడ గదిలో ఆరుగురం, ఆరుగురం తాటిచెట్లమే.

మొదటి ఆడిషన్‌కు నువ్విచ్చిన మెరూన్ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, నిండుగా ముస్తాబై వెళ్ళాను. మిగతా వాళ్ళంతా నల్ల టీషర్టు, జీన్స్. ముఖాన పౌడరు కూడా లేదు. "పెళ్ళికొచ్చావా?" అని అడిగాడు అక్కడ కూర్చున్నాయన. వాళ్ళకు బట్ట అక్కర్లేదు వదినా, బట్ట తగిలించడానికి ఒళ్ళు కావాలి. ఇక్కడ స్టైలంటే ఒక్కొక్కటే తీసేసుకోవడం. గాజులు తీశాను, ముక్కుపుడక తీశాను, జడ సగానికి కోయించాను. యాస కూడా తీసేశాను.

వారానికోసారి టేపు పెట్టి కొలుస్తారు. వద్దనుకుంటే ఎందుకు వద్దో చెప్పరు. "థాంక్యూ, నెక్స్ట్" అంటారు. మొదట్లో రాత్రంతా కారణం వెతుక్కునేదాన్ని. ఇప్పుడు బస్సు నంబరు విన్నట్టు వింటాను. ఫొటోలు తీసి పెద్ద కంపెనీలకు పంపిస్తామని ముందే దుడ్లు అడిగేవాళ్ళ గడప తొక్కొద్దని చెప్పు. తోటి పిల్లలు మంచివాళ్ళే. పిన్నులిస్తారు, లిప్‌స్టిక్ ఇస్తారు. ఆడిషన్ ఎక్కడుందో మాత్రం చెప్పరు. నేనూ చెప్పను.

తిండి అంటే గుడ్డు తెల్లసొన, దోసకాయ ముక్కలు. జొన్నరొట్టె మాట ఎత్తొద్దను. జ్వరమొస్తే మన చోట ఇంకొకరు నడుస్తారు, అంతే.

నవంబరు 20న మా ఏజెన్సీ ఫైనల్ పోటీ. ముప్పై మందిమి నడుస్తాం. ముగ్గురికి రెండేళ్ళ కాంట్రాక్టు ఇస్తారు. వస్తే ఇక్కడే. రాకపోతే గది ఖాళీ చేసి వచ్చి, ఆ దుప్పటి తీసి, నా చీర నేను ముగించుకుంటాను. ఏదైనా ఒకటే అనిపిస్తోంది ఈ మధ్య. కుడికాలి రెండు వేళ్ళు కూడా అలాగే ఉన్నాయి, గిల్లినా తెలియడం లేదు. హీల్స్ వల్లనట.

ఉంటాను,
యామిని

ఎమ్మిగనూరు,
ఆగస్టు 14

ప్రియమైన తాటిచెట్టుకు,

పెళ్ళికొచ్చావా అన్నాయన ఇంటికి పిలుపు లేకుండా నూరుమంది భోజనానికి పోవాలని చౌడమ్మకు మొక్కుకున్నాను. ఆ పట్టుచీర నా పెళ్ళిదే తల్లీ!

నీ ఉత్తరం వాకిట్లో కూర్చుని నిస్సీకి గట్టిగా చదివి వినిపించాను. గిల్లినా తెలియడం లేదన్న దగ్గర మళ్ళీ చదవమంది. దాని ప్రశ్నలు ఇవీ. ఆ చెప్పుల మడమ ఎంత ఎత్తు? నేలకు ఆనే మొన ఎంత వెడల్పు? నడిచేటప్పుడు ముందు మడమ పడుతుందా, మునివేళ్ళా? కొలతతో సహా కావాలట.

ఇంటి సంగతులు. మామకు పెద్ద ఆర్డరొచ్చింది. పాలతెలుపు గుడ్డ, ముప్పై మీటర్లు, మధ్యలో కోత లేకుండా ఒకే ముక్క. ఎవరిదో పెద్దింటి ఫంక్షనట, పరుచుకోవడానికట. అంచు లేదు, బుటా లేదు. అయినా మామ సంగతి తెలుసు కదా, ఎంత తెల్లగుడ్డయినా చివర జానెడుండగా ఒక్క ఎర్రపోగు వెయ్యందే మగ్గం దించడు. ఆ దిష్టిపోగు లేకపోతే అది మనింటి గుడ్డే కాదంటాడు. మీ అన్న సాయం వస్తానన్నా వద్దన్నాడు. ఒక్కడే నేస్తున్నాడు.

ఆ కాలికి కొబ్బరినూనె రాయి. రాశానని అబద్ధం రాయకు.

నీ నోటిదురుసు
వదిన

బెంగళూరు,
సెప్టెంబరు 10

ప్రియమైన వదినకు,

నిస్సీ వింత పిల్ల. అందరూ ముఖానికేం పూసుకోవాలని అడుగుతారు. మడమ ఎత్తు ఐదంగుళాలు. మొన వెడల్పు రాస్తే అర్థం కాదు. చెప్పును ఈ కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్నుతో గీశాను. ఇదిగో కింద, చొక్కా గుండీకన్నా చిన్నది. ఒంటి బరువంతా దాని మీదే. ముందు మడమే పడాలి. కిందికి చూడకూడదు.

మొన్న రిహార్సల్ జరిగింది. ఈసారి అంతా చేనేతేనట. ర్యాంప్ మీద కూడా నేతగుడ్డ పరుస్తారట. ఎక్కడిదో ఒక గుడ్డ తెచ్చి పరిచారు. నా వంతు వచ్చింది. గుడ్డ మొదట్లో ఆగి చెప్పులు విడిచేశాను. కావాలని చేయలేదు వదినా. కాళ్ళు వాటంతట అవే విడిచేశాయి. మన ఇంట్లో చెప్పులతో మగ్గం దగ్గరికి ఎవరైనా పోతారా? కొరియోగ్రాఫర్ పాట ఆపించింది. "గుడికొచ్చావా?" అంది. అందరూ నవ్వారు. ఒకసారి పెళ్ళి, ఒకసారి గుడి. మళ్ళీ తొడుక్కుని నడిచాను.

నా వెనక వచ్చిన అమ్మాయి మడమ ఆ పల్చటి గుడ్డలో దిగబడింది. పడింది. చీలమండ విరిగింది. ఆమెను ఆటోలో ఎక్కించారు. నిర్వాహకులు వేరే గుడ్డ వస్తుందిలే అన్నారు. నేను మనసులో, ఇక ఇరవై తొమ్మిది మందిమి అని లెక్కపెట్టుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గు పడాలని తెలుసు. పడలేదు.

ఉంటాను,
యామిని

ఎమ్మిగనూరు,
నవంబరు 1

ప్రియమైన యామినికి,

తెల్లగుడ్డ అయింది. నరసన్న దాన్నీ ఈ ఉత్తరాన్నీ తీసుకుని ఇప్పుడే బయల్దేరుతున్నాడు, అందుకే పొడుగ్గా రాయడం లేదు. పిల్ల పడిందని రాసినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నిస్సీ ఒక్క మాట చెప్పమంది. "బయపడొద్దు. అడుగు గెట్టిగా ఎయ్యమను. ఏం గాదు." అంతే రాయమంది.

నీ వదిన

బెంగళూరు,
నవంబరు 24

ప్రియమైన వదినకు,

నన్ను తీసుకున్నారు. ముగ్గురిలో రెండో పేరు నాదే. రెండేళ్ళు.

ఇప్పుడు రాసేది నాయనకు చెప్పొద్దు.

ర్యాంప్ మీద పరిచింది తెల్లగుడ్డ. మందంగా, బిగువుగా ఉంది. ఎవరి మడమా దిగలేదు, ఎవరూ తడబడలేదు. నాది పదకొండో నంబరు. తల ఎత్తి, ఎవరినీ చూడకుండా నడిచాను. చివరికి వెళ్ళి, నడుము మీద చెయ్యి పెట్టి, మూడు లెక్కపెట్టేంతసేపు నిలబడాలి. తిరిగేటప్పుడు మాత్రం చూపు కిందికి పోయింది. నా మడమ కింద ఎర్రపోగు. ఒక్కటే. జానెడవతల గుడ్డ అయిపోయింది.

నాయన రెండు నెలలు కూర్చుని నేసిన గుడ్డ మీద చెప్పులతో నిలబడి ఉన్నాను. తెలిసి కూడా మూడూ లెక్కపెట్టాను. తిరిగి నడిచాను. ముఖం మారలేదట, అందుకే మార్కులు వేశారట. ఏమాత్రం చలించని ముఖం అని మెచ్చుకున్నారు. నిజమే, ఏమీ అనిపించలేదు. అనిపించాలని గదికొచ్చి కాలు గట్టిగా గిల్లి చూసుకున్నాను.

పెద్దింటి ఫంక్షన్ అనుకుని నేసిన మనిషికి ఇది తెలియకూడదు.

నిస్సీని రావద్దని చెప్పలేను. నల్ల టీషర్టు, జీన్స్ ఎవరైనా నేర్పుతారు. వచ్చేటట్టయితే ఇంట్లో ఏదీ సగంలో వదిలి రావద్దని మాత్రం చెప్పు. మిగతావన్నీ తీసేసుకోవచ్చు. అది మాత్రం పోవడం లేదు.

ఉంటాను,
యామిని

ఎమ్మిగనూరు,
డిసెంబరు 20

ప్రియమైన యామినికి,

తిట్టుకుంటావో ఏమో, అన్నీ చెప్పేస్తున్నాను. నిస్సీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. నువ్వు వెళ్ళిన నెలకే అది నంద్యాలలో నర్సింగ్ చదువుకు పోయింది. మోడల్ కావాలన్న ఆలోచన దాని కలలో కూడా లేదు.

ఆ ప్రశ్నలన్నీ మామవి.

మొదటి ఉత్తరం నేను రాస్తుంటే గుంతలోంచి తలెత్తకుండానే, "తిండి ఎట్లని అడుగు. జొరమొస్తే ఎవురు సూస్తారో అడుగు. నేనడిగినానని మాత్రం రాయొద్దు" అన్నాడు. సరే, పక్కింటి పిల్ల పేరు వాడుకున్నాను. నీ ఉత్తరాలు వాకిట్లో గట్టిగా చదివింది ఆయన వినాలనే.

ఆగస్టులో నరసన్న ఆర్డరు తెచ్చినప్పుడు దాచకుండా చెప్పాడు. మోడళ్ళ పోటీకి, నేల మీద పరవడానికి అని. మీ అన్న ఎగిరాడు. "కాళ్ళ కింద తొక్కేదానికి మనం నెయ్యాల్నా?" అని. మామ ఒక్కటే అడిగాడు. "ఏమప్పా నరసన్నా, మా పాప నడిచేది దీని మిందనేనా?" అవునన్నాడు నరసన్న. "అట్లైతే నేనే నేస్తా" అన్నాడు మామ. నీకు ఫంక్షనని రాయమన్నదీ ఆయనే, తెలిస్తే నీకు అడుగు పడదని.

నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చేసరికి కొన్ని మీటర్లు నేశాడు. నువ్వు గీసి పంపిన గుండ్రం చూసి, ఆ కొలతకు ఒక కట్టెముక్క చెక్కాడు. గుడ్డ పరిచి, కట్టెముక్క పెట్టి, దాని మీద ఒంటికాలితో నన్ను నిలబడమన్నాడు. నా బరువు సంగతి నీకు తెలుసు. కట్టె దిగబడింది, నేను గోడకు కొట్టుకున్నాను. ఆ పిల్ల చీలమండ విరిగిందని నువ్వు రాసింది మళ్ళీ చదివించుకుని, నేసిందంతా కోసి పారేశాడు. ఒక్కో పోగుకు రెండు పోగులు కలిపి పడుగు కొత్తగా పోశాడు. భుజం వాచినా, పోగులు దగ్గరగా బిగిసేలా పలక కొట్టడం ఆపలేదు. రోజూ సాయంత్రం నన్ను కట్టెముక్క మీద ఎక్కించేవాడు. గుడ్డ దిగనంటే దిగనన్న రోజున నీకు భయపడొద్దని రాయమన్నాడు. నీ కాగితం ఇప్పటికీ మగ్గం గుంజకు గుచ్చి ఉంది.

నువ్వు వద్దన్నా ఆ ఉత్తరం కూడా చదివి వినిపించాను. చెప్పులతో ఎర్రపోగు మీద నిలబడ్డావన్న దగ్గర ఏమంటాడోనని ఆగాను. "ఆడికి వచ్చేవరకు పడలేదు గదా" అన్నాడు. మీ అన్న ఫోన్‌లో పోటీ వీడియో చూపిస్తే నీ ముఖం చూడలేదు, నీ కాళ్ళే చూశాడు. అప్పటినుంచి మాత్రం పని మధ్యలో ఆగి ఆగి అడుగుతున్నాడు. "రియర్సలప్పుడు చెప్పులు ఇడిసినాదంటివే, నిజమేనా?" "ఇడిసింది మామా" అంటాను. మళ్ళీ నాడె ఆడిస్తాడు. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. నాకు విసుగొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పది రోజుల కిందట ఆయనే లేచి నీ మగ్గం మీద దుప్పటి తీశాడు. "ఇంగ అది రాదులే. సగం నువ్వు నెయ్యి" అన్నాడు నాతో. నాకు చేతులు రాలేదు. పలక మీద నీ చేతి దెబ్బ వేరు, నా చేతి దెబ్బ వేరు, నువ్వు ఆపిన చోట గీత పడుతుంది, చూసినవాళ్ళకు కనపడుతుంది మామా అన్నాను.

"కనపడనీ" అన్నాడు.

నేసి ముగించాను. ఈ ఉత్తరం ఉన్నది ఆ చీర మడతలోనే. అది అమ్మేది కాదు, నీదే. వేలితో తడిమి చూడు, గీత దొరుకుతుంది. చివర ఎర్రపోగు మీ నాయనే వేశాడు. ఇక ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టమంటున్నాడు.

నీ కోసం నెలన్నర ఒంటికాలి మీద నిలబడిన,
వదిన